చెవిలో రాట్నం

ఆ చప్పుడు మొదలైన రోజుల్లో నేను పక్కింటివాళ్లతో తగువు పెట్టుకున్నాను.

గద్వాలలో మా వీధి అంతా మగ్గాలవాళ్లమే. ఎవరింట్లో ఏ చప్పుడు పుడుతుందో గోడకు చెవి పెట్టకుండానే తెలుస్తుంది. నూలు కండెలకు చుట్టే రాట్నానికి నూనె అయిపోతే సన్నగా, సూదితో పొడిచినట్టు కీచుమంటుంది. ఎనభైల మొదట్లో, వానలు వెనకబడి జ్వరాలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక పొద్దున నాకు ఆ కీచు వినపడింది. పక్కింటిదే అనుకున్నాను. ఆ పూట ఓర్చుకున్నాను. మర్నాడూ ఓర్చుకున్నాను. మూడో రోజు చిన్న గిన్నెలో నూనె పోసుకుని వెళ్లి వాళ్ల గడపలో నిలబడ్డాను.

"అక్కా, మీ రాట్నానికి జర నూనె పెట్టుకోరాదు? పానం తీస్తుంది."

ఆ ఇంటి పెద్దామె చాటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే, "మా రాట్నం ఇరిగి వారమాయె. గా మూలకు పడ్డది సూడు" అంది.

చూశాను. చక్రం ఊడిపోయి గోడకు ఆనించి ఉంది. నేను దాన్ని చూస్తూనే ఉన్నాను, కీచు వినపడుతూనే ఉంది.

"ఆ నూనె నీ చెవులల్ల పోస్కోపో" అని ఆమె కోడలి వైపు తిరిగి నవ్వింది. కోడలూ నవ్వింది.

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. కొన్నేళ్లకు ఆమె పోయినప్పుడు అందరితోపాటు వెంట నడిచాను. నడుస్తున్నంతసేపూ ఆ చాట, ఆ బియ్యం, ఆ నవ్వు కళ్ల ముందు మెదిలాయి. నా స్వభావమే అంత. ఎవరు ఎప్పుడు ఏ మాట అన్నారో, అప్పుడు వాళ్లు ఎటు తిరిగి ఉన్నారో కూడా నాకు గుర్తుంటుంది. దాన్ని చాలాకాలం నా గొప్ప అనుకున్నాను.

కీచు తగ్గలేదు. ఎడమ చెవిలో మొదలైంది, నెలలోపే కుడివైపుకూ పాకింది. దెబ్బ తగిలితే కట్టు చూపించవచ్చు. జ్వరమైతే ఒంటి మీద చెయ్యి వేయించవచ్చు. చెవిలో రాట్నం తిరుగుతోందంటే ఎవరికి చూపించాలి? నాకు చీరల పని ఇచ్చే సావుకారి పదిమంది ముందు, "మంచిదే గదా, నీకింక రేడియో కొనే పని లేదు" అన్నాడు. మా అత్తగారి ఊరు రాజోలి. అక్కడ పంక్తిలో కూర్చుని తింటుంటే మా బామ్మర్ది, నా భార్య తమ్ముడు, పప్పు వడ్డిస్తూ, "బావ ఉన్నంక నా పెండ్లికి బ్యాండు ఎందుకు? చెవికి మైకు పెడ్తె సాలు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పప్పు వద్దని లేచిపోయాను. ఆ తర్వాత ఏడాదిపాటు రాజోలిలో ఎంగిలి పడలేదు. వాడి పెళ్లికి వెళ్లాను కానీ భోజనం చేయలేదు. వాడు మాత్రం బ్యాండు పిలిపించాడు.

వనపర్తిలో ఒక డాక్టరు చెవులు చూస్తాడంటే వెళ్లాను. దవాఖాన తెరవకముందే చేరుకున్నాను. మొదట వచ్చింది నేనే. కాంపౌండరు నన్ను కూర్చోబెట్టి, తర్వాత వచ్చిన నలుగురిని లోపలికి పంపాడు. అందులో ఒకాయన పెద్దమందడి వైపు భూస్వామి, జీపులో వచ్చాడు. నా వంతు వచ్చాక డాక్టరు లైటు వేసి రెండు చెవులూ చూశాడు.

"చెవులు సాఫ్‌గనే ఉన్నయి. ఇది నరానికి సంబంధించింది. పోదు. అలవాటు చేస్కోవాలె."

"ఎన్ని దినాలకు అలవాటైతది సారూ?"

ఆయన అప్పటికే తరువాతి మనిషిని పిలిచాడు. నేను బీచుపల్లి వంతెన దాటేదాకా బస్సులో కూర్చుని ఆయనకు చెప్పాల్సిన జవాబులు నాలో నేనే చెప్పుకుంటూ వచ్చాను.

నేను కోరింది రెండే రెండు. ఆ కీచు ఆగాలి. అది ఆగేదాకా, అది ఉందని నమ్మే మనిషి ఒక్కరన్నా ఉండాలి. నమ్మే మనిషి మా ఇంట్లోనే ఉంది, నాకు రెండు మూరల దూరంలో. అది చెప్పుకోవాలంటే మా మగ్గం సంగతి చెప్పాలి.

గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. అడ్డంగా వేసే నూలు పేకకూ పట్టు పేకకూ వేర్వేరు నాడెలు, పోగు మోసే చిన్న పడవల్లాంటి కర్రలు, నడుస్తాయి. నూలు పోగు అంచుదాకా వచ్చిన ప్రతిసారీ పట్టు పోగుతో కొక్కెంలా ముడిపడాలి. పడకపోతే నడుమ అంగుళాల కొద్దీ సందు పడి, చీర కట్టుకున్న నాలుగు రోజులకే అంచు ఊడివస్తుంది. ఒక్కరి రెండు చేతులతో అయ్యే పని కాదు. నేసే మనిషి ఒకరు, అవతలి అంచు దగ్గర నాడె అందించే మనిషి మరొకరు కావాలి. మా ఇంట్లో అవతల కూర్చునేది నా భార్య. పెళ్లైన రెండో నెల నుంచి అక్కడే కూర్చుంది. మగ్గం గుంటలో నా కాళ్లు, పక్కన ఆమె కాళ్లు. నెత్తి మీద పూలు దించే జకార్డు పెట్టె టకటకమంటూ ఉంటుంది. పూవు మారేచోట నేను "హూ" అనాలి, ఆ మాటకు ఆమె పట్టు నాడె వదలాలి. రోజుకు ఎన్ని వందల "హూ"లో.

మగ్గం ఆడినంతసేపు నా కీచు కొంచెం కప్పుకుపోయేది. ఆపగానే లేచి కూర్చునేది. అందుకే నేను పండగపూట కూడా మగ్గం దిగేవాణ్ని కాదు. "ఇయ్యాల గూడనా?" అని ఆమె అడిగేది. "నీకేం తెల్సు నా బాధ?" అనేవాణ్ని. ఆమె వచ్చి అవతల కూర్చునేది.

పొద్దుగూకాక నా చెవుల కబుర్లన్నీ ఆమెకు చెప్పేవాణ్ని. ఇయ్యాల ఎడమది ఎక్కువుంది, గాలికి పెరిగింది, పులుసు తింటే పెరిగింది, ఫలానావాడు ఇట్లా అన్నాడు. ఆమె నా నోటి వైపే చూస్తూ వినేది. అంత శ్రద్ధగా చూస్తుంటే మొదట బాగుండేది. తర్వాత తర్వాత, నేను ఎక్కడ అబద్ధం చెబుతున్నానో పట్టుకోవడానికి చూస్తోందేమో అనిపించేది. మగ్గం మీద కూడా అంతే, ఆమె చూపు నా భుజం మీదే ఉండేది. నా పనికి కాపలా కాస్తున్నట్టు ఉండేది నాకు.

ఇంకొకటి. ఆమె పలకడం తగ్గించింది.

"చెంబుల నీళ్లియ్యి."

జవాబు లేదు.

"నిన్నే. నోరు తెరుస్తే ముత్యాలు రాల్తయా?"

అప్పుడు తలెత్తి, "ఏంది?" అనేది.

"ఏం లేదు తియ్యి."

ఆ "ఏంది" రోజుకు పదిసార్లు వినాల్సి వచ్చేది. నా గోల వినీ వినీ విసుగొచ్చి కావాలనే చెవిన పెట్టడంలేదని నిశ్చయించుకున్నాను. సావుకారి పక్కన, బామ్మర్ది పక్కన ఆమెనూ కూర్చోబెట్టాను నా మనసులో. నా బాధ పట్టనివాళ్ల జాబితాలో.

ఆ యేళ్లన్నీ మందుల కోసం తిరిగాను. ఎల్లిగడ్డలు కాచిన నూనె పోసుకున్నాను. కోడేరులో చెవులకు పసరు పోసే ఒకాయన ఉన్నాడంటే వెళ్లాను. ఆ పసరుకు చెవి లోపల మంట పుట్టి మూడు రోజులు దవడ తెరవలేకపోయాను. కీచు మాత్రం అంతే ఉంది. ఆయన్నూ మరిచిపోలేదు. ఆ తర్వాత ఒకసారి క్షౌరశాలలో పేపరు తిరగేస్తుంటే ఒక మూల చిన్న వార్త కనపడింది. బయటి దేశాల్లో చెవి మోతకు చిన్న యంత్రం కనిపెట్టారట. చెవిలో పెట్టుకుంటే అది మెత్తటి మరో చప్పుడు చేసి పాత చప్పుడును కప్పేస్తుందట. సగం గడ్డం గీయించుకుని ఉన్నాను, అట్లాగే లేచి ఆ ముక్క చింపుకున్నాను.

"ఓయ్, అందరు చదివే పేపరు!" అని క్షురకుడు అరిచాడు.

"అందరికి చెవులు మోగుతలేవు" అన్నాను.

ఆ యంత్రం సంగతి నాకు చదవగానే అర్థమైంది. నా మగ్గం చేసేది అదే కదా. ఈ మగ్గాన్ని గోటంత చేసి చెవిలో పెడితే చాలు. ఆ కాగితం ముక్క మడతలు చిరిగిపోయేదాకా జేబులో తిరిగింది. పేపరువాళ్లకు కార్డు రాశాను, జవాబు రాలేదు. వనపర్తి డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి చూపించాను. ఈసారి ఆయన కొంచెం మెత్తబడ్డాడు.

"నాకు దీని సంగతి ఎక్కువ తెల్వదు. వచ్చే నెల పట్నం నుంచి చెవుల డాక్టరు నాగర్‌కర్నూల్ వస్తున్నరు, మిషను తెస్తరట. కొత్త చికిత్సలు ఏమన్న ఉంటే ఆయనకు తెలుస్తది. పోయి రా."

ఆ నెల రోజులు నేను ఎప్పుడూ లేనంత మంచివాణ్ని. బామ్మర్ది వస్తే కూర్చోమన్నాను కూడా. ఆశ పుట్టేసరికి కీచు ఇంకా పెద్దదైనట్టు అనిపించేది, అయినా ఇంకెన్ని రోజుల్లే అనుకునేవాణ్ని.

నాగర్‌కర్నూల్‌కు నా భార్యను వెంట తీసుకుపోయాను. ఎందుకో రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆగుతుంది, కానీ రాస్తాను. "డాక్టరు చెప్పేది నాకు సక్కగ ఇనవడకుంటే నువ్వు ఇని చెప్పాలె" అన్నాను. ఆమె సద్దిమూట కట్టుకుని బయల్దేరింది.

డాక్టరును ఒక బడిలో కూర్చోబెట్టారు. చప్పుడు రాకుండా ఒక గది కిటికీలకు దుప్పట్లు కట్టారు. వరండా నిండా జనం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు లావుపాటి మనిషి, నిదానస్తుడు. నేను పక్కింటి రాట్నం దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. చెవుల డాక్టరు కదా, పూర్తిగా విన్నాడు. నా జీవితంలో నన్ను అంతసేపు విన్న మొదటి పెద్దమనిషి ఆయనే. వార్త ముక్క చూసి తల ఊపాడు.

"ముందు మిషను మీద చూద్దాం. ఎట్ల చెయ్యాల్నో మీకు తెలిసేటట్టు మీ ఆమెకు ఒకసారి పెట్టి చూపిస్త. ఆమె చెవులు మంచిగున్నయి గదా?"

"ఆమెకేం సారూ, చీమ నడిచినా ఇనవడ్తది. నా మాటొక్కటే ఇనవడది" అన్నాను.

సహాయకుడు నవ్వాడు. నాకు బాగుంది. జనం నా మాటకు నవ్వడం అరుదు.

ఆమె నెత్తి మీద కొంగు సవరించి చెవులకు మిషను డిప్పలు పెట్టారు. చప్పుడు వచ్చినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. సహాయకుడు మీట నొక్కాడు. వేలు ఎత్తింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎత్తింది. చూశారా అన్నట్టు నేను డాక్టరు వైపు చూశాను. డాక్టరు మాత్రం ఆమె కళ్ల వైపు చూస్తున్నాడు. ఆయన లేచి, మీట నొక్కే చెయ్యి ఆమెకు కనపడకుండా మధ్యలో ఒక అట్ట నిలబెట్టాడు.

వేలు లేవలేదు.

ఆమె కళ్లు అటూ ఇటూ వెతికాయి. అట్ట మీద, సహాయకుడి మొహం మీద, చివరికి వచ్చి నా భుజం మీద ఆగాయి.

"సిగ్గువడ్తుంది సారూ" అన్నాను. డాక్టరు నన్ను చేత్తో ఊరుకోమని, మీటలు తిప్పుతూ పోయాడు. చాలాసేపటికి, చాలా పెద్ద చప్పుడుకు కాబోలు, ఒకసారి వేలు లేచింది. ఆయన డిప్పలు తీయించి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఎన్నాళ్లయింది?"

ఆమె ఆయన పెదవులు చూసింది. "నాలుగేండ్లయితది. మా తమ్ముని పెండ్లి అయిన యేడు."

"లోపల మోత గూడ ఉన్నదా?"

"ఉన్నది. రెండు దిక్కుల."

"మరి ఎవరికి చెప్పలేదా?"

"చెప్పిన. ఈయనకే చెప్పిన. వచ్చిన వారంలనే."

"ఏమన్నడు?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు వచ్చింది సాలదా, దీంట్ల గూడ పాలుకు వస్తున్నవా అన్నడు."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా.

"నేననలే" అన్నాను.

"అన్నవు" అంది ఆమె మెల్లగా. "కండెలు ఏరుతున్నవు అప్పుడు. మొకం గూడ ఎత్తలే."

డాక్టరు నవ్వలేదు. "ఒక్కసారిగ వినికిడి తగ్గినప్పుడు మొదటి వారం, పది దినాలల్ల వస్తే మందులతోని ప్రయత్నం చెయ్యొచ్చు. వస్తదో రాదో గ్యారంటీ లేదు గని, ప్రయత్నమన్న చేసేటోళ్లం. ఇప్పుడు కష్టం" అన్నాడు. ఆ మాట ఆమెతో కాదు, నాతో అన్నాడు. తర్వాత నాకు పరీక్ష చేశాడు. నా వినికిడి బాగానే ఉంది. మోత ఉంది, ఉంటుంది. ఆ యంత్రం కొందరికి పనికొస్తోంది, కొందరికి రావట్లేదు, ఇంకా కొత్తవి వస్తాయి, వచ్చినప్పుడు కబురు పెడతాము, పేరు రాసి వెళ్లండి అన్నాడు.

సహాయకుడు పుస్తకం తెరిచాడు. నేను నా పేరు చెప్పాను.

"ఆమెది?"

"ఒక్కటే ఇల్లు గదా. ఒక్కటి సాలు" అన్నాను.

ఆమె నా పక్కనే నిలబడి ఉంది. ఆ మాట వినపడలేదనే అనుకున్నాను. వినపడకపోయినా నా పెదవులు కనపడే ఉంటాయి.

తిరుగు బస్సులో నాకు కోపం. సిగ్గు కాదు, కోపమే. ఊరుకాని ఊరిలో, పదిమందిలో నన్ను నవ్వులపాలు చేసిందని. వనపర్తి దాకా మాట్లాడలేదు. వనపర్తిలో బస్సు మారాక కూడా మాట్లాడలేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కృష్ణ దాటుతుండగా, ఆమె చెప్పింది అబద్ధమని రుజువు చేయడానికి ఆ రోజును గుర్తు తెచ్చుకోవాలని చూశాను. బామ్మర్ది పెళ్లి గుర్తుంది. వాడి మాట గుర్తుంది. ఆ పెళ్లిలో తిననంటున్నా నాకు చినిగిన విస్తరి వేసిన మనిషి మొహం గుర్తుంది. ఆ పెళ్లి నుంచి వచ్చాక మా ఇంట్లో నా భార్య నాతో అన్న మాట ఎంత వెతికినా దొరకలేదు. ఆ రోజు కండెలు ఏరడం మాత్రం గుర్తొచ్చింది. ఆకుపచ్చ పట్టు, చిక్కు పడింది, చిరాగ్గా ఉన్నాను. మొకం ఎత్తలే అంది కదా. ఎత్తలేదు కాబట్టే గుర్తులేదు.

మర్నాడు పొద్దున ఇద్దరం మగ్గం ఎక్కాం. నేను ఒక పని చేశాను. పూవు మారేచోట ఒంటిని రాయిలా బిగబట్టి "హూ" అన్నాను. ఆమె చెయ్యి నాడె మీద అట్లాగే ఆగి ఉంది. కళ్లు నా భుజం మీద ఉన్నాయి. ఇంకోసారి, గట్టిగా, "హూ" అన్నాను. కదల్లేదు. అప్పుడు నోరు మూసుకుని, రోజూ "హూ" అనేటప్పుడు వంగినట్టే, కుడి భుజం కొంచెం ముందుకు వంచాను. పట్టు నాడె వచ్చింది.

నాలుగేళ్లు. రోజుకు అన్ని వందల "హూ"లు నేను గోడకు చెప్పుకున్నాను. ఆమె నా భుజాన్ని చదువుకుంటూ చీరలు నేయించింది. ఆ నాలుగేళ్లలో మా చీర ఒక్కటి కూడా అంచు సందుపడిందని తిరిగి రాలేదు. ఇక్కడే నేను మోసపోయాను, మా పనివాళ్లే మోసపోయే తీరున. మేము మనిషిని గుడ్డను బట్టి చూస్తాం. గుడ్డలో లోపం లేకపోతే మనిషిలో లోపం లేదనుకుంటాం. ఆమె చేతిలో ఒక్క పోగు తప్పి ఉంటే, నేను అరిచేవాణ్ని, ఆ అరుపుతోనన్నా సంగతి బయటపడేది. ఆమె తప్పనివ్వలేదు.

మగ్గం ఆపాను. క్షమించు అనే మాట మా ఇళ్లల్లో మొగవాడి నోట నేను వినలేదు, నాకూ రాలేదు. వచ్చింది ఇది:

"మల్లొక్కసారి ఎందుకు చెప్పలే?"

ఆమె నా పెదవులు చూసి, "ఒక్కసారి చెప్పిన గదా" అంది. నాడె సర్దుకుంటూ, "రోజు నీది ఇనేటందుకే పొద్దు సరిపాయె" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. పొయ్యి మీద పప్పు ఉడికిందన్నంత మామూలుగా అంది.

డాక్టరుకు ఉత్తరం రాశాను. పుస్తకంలో నా పేరు కొట్టేసి ఆమె పేరు రాయమని. జవాబు రాలేదు. ఆ ఒక్కసారి జవాబు రాకపోవడాన్ని నేను ఎవరి మీదా పెట్టుకోలేదు. పెట్టుకునే హక్కు లేదని తెలిసింది.

కొన్ని నెలలకు ఒకరోజు కండెలు చుట్టుకుంటుంటే అడిగాను, "నీదెట్లుంటది?"

"ఏంది?"

"నీ మోత ఎట్లుంటదీ?" అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

ఆమె చేతిలో పని ఆపింది. అడుగుతానని అనుకోలేదు కాబోలు. "మా రాజోలి దిక్కు, వానకాలం తుంగభద్ర కట్ట మీదికెల్లి దుంకుతది సూడు, గట్ల. మొదాలు మంచిగనే ఉండె. మా ఊరు గుర్తుకొస్తుండె. ఇప్పుడు ఆ నీళ్ల చాటుకు ఎవరి మాటలు ఇనవడ్తలేవు."

నాకు వెంటనే పుట్టింది జాలి కాదు. నాకు నూనె లేని రాట్నం, ఆమెకు నదా అనిపించింది. ఆ క్షణాన కూడా. దీన్ని రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు.

తొంభైల్లోకి వచ్చేసరికి ఆమె పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ఒకటి అడిగితే ఒకటి చెబుతుందని ఆడవాళ్లు నవ్వుతున్నారని. మా బామ్మర్ది ఒకసారి వచ్చి, "అక్క పెద్ద దొరసాని అయ్యింది, పిలిస్తే పలుకుతలేదు" అన్నాడు. నేను లేచి వాడి మీదికి వెళ్లాను. వాకిట్లోకి నెట్టాను. ఇంక మా గడప తొక్కొద్దన్నాను. ఆమె వచ్చి వాణ్ని లోపలికి తీసుకుపోయి నీళ్లిచ్చి, నా దగ్గరికి వచ్చింది.

"నా దిక్కు నుంచి నువ్వు కోపం పెట్టుకోకు. నా కోపం నాకున్నది."

ఎవరి మీద అని నేను అడగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు వనపర్తిలోనే చెవులకు విడిగా ఒక డాక్టరు వచ్చాడు. కొత్త చికిత్సలు తెచ్చాడని, చెవి వెనక పెట్టుకునే యంత్రం మాట వినిపించడమే కాక కొందరికి లోపలి మోతను కూడా తగ్గిస్తోందని చెప్పుకున్నారు. నాకు లోపల ఏదో లేచి నిలబడింది, ఆ పాత ఆశే. ఈసారి దాన్ని ఆమె పేరు మీద నిలబెట్టాలని చూశాను. రమ్మంటే రానంది. "ఇప్పుడెందుకు, అలవాటయ్యింది" అంది. అలవాటు చేసుకోవాలని ఒకప్పుడు నాకు చెప్పిన డాక్టరును నేను ఎన్నేళ్లు తిట్టుకున్నాను! ఆమె ఆ మాట ఎవరూ చెప్పకుండానే చేసేసింది. మూడు వారాలు అడిగాను. చివరికి నా పోరు పడలేక వచ్చింది.

చీటీ రాసే అబ్బాయికి ఆమె పేరు ఒక్కటే చెప్పాను.

"మీకు గూడనా?"

"లే. ఆమెకే."

బల్ల మీద కూర్చున్నాం. చాలాసేపటికి లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. ఆమె గోడ మీద బొమ్మ చూస్తూ కూర్చుంది. మళ్లీ పిలిచారు. నేను ఆమె మోచెయ్యి తట్టి, లేచి నిలబడ్డాను. ఆమె కూడా లేచింది, కానీ నా వైపు తిరిగి చేత్తో కూర్చోమంది.

"నువ్వు ఈడనే ఉండు."

"డాక్టరు చెప్పేది నీకు ఇనవడకుంటే?"

"కాయితం మీద రాపిచ్చుకుంట. నాలుగో తరగతి దాక చదివిన గదా." చీర సవరించుకుంది. "నువ్వొస్తే నీది మొదలువెడ్తవు."

తెర జరుపుకుని లోపలికి వెళ్లింది. తెర పూర్తిగా పడలేదు, చెయ్యి పట్టేంత సందు ఉంది. అందులోంచి డాక్టరు బల్ల మూల, ఆమె వీపు, చేతులు కనపడుతున్నాయి. మాటలు వినపడవు. నా చెవిలో కీచు తన పని తాను చేసుకుపోతోంది.

ఆమె మాట్లాడుతోంది. చేతులు కదుపుతూ మాట్లాడుతోంది. ఒకసారి నాడె వదిలినట్టు చూపించింది. ఒకసారి రెండు అరచేతులూ చెవులకు ఆనించుకుని కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత ఒక వేలు పైకెత్తి ఏదో చెప్పింది, ఒక్కసారి అని కావచ్చు, తెలియదు. పదిహేనేళ్ల కాపురంలో ఆమె అన్ని మాటలు ఆపకుండా మాట్లాడటం నేను చూడలేదు. అవతలి మనిషి మధ్యలో రాస్తూ, తల ఊపుతూ వింటున్నాడు.

నా పక్కన కూర్చున్న ఒక రైతు తలగుడ్డ విప్పి దులుపుకుంటూ అడిగాడు, "ఎవరికి బాగలేదే? నీకా?"

నోరు తెరిచాను. రాట్నం, నూనె గిన్నె, సావుకారి, కోడేరు పసరు, అన్నీ వరసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి.

"మా ఇంటామెకు" అన్నాను.

"ఏమైంది?"

ఏం చెప్పాలో నాకు సరిగా తెలియదు. ఎప్పటి నుంచి, ఎట్లా, ఏ చెవిలో ఎక్కువ, దేనికి పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది, ఏవీ తెలియవు. నాది అడిగితే సాయంత్రం దాకా చెప్పేవాణ్ని.

"చెవులు" అన్నాను.

అతను తల ఊపి మళ్లీ తలగుడ్డ చుట్టుకున్నాడు. లోపల ఆమె ఇంకా చెబుతూనే ఉంది.